ఆదివారం గొంతు

ఆగస్టు 3, ఆదివారం, మధ్యాహ్నం

మళ్ళీ నేనే గెలిచాను. మా హాస్టల్ రూమ్‌లో ఆట ఇదీ: పేకలో ఓడినవాళ్ళు మందు గ్లాసు ఖాళీ చేసి, అక్కడికక్కడే ఇంటికి ఫోన్ చెయ్యాలి. స్పీకర్ ఆన్. అమ్మ పసిగట్టిందో, ఇంకో రెండు గ్లాసులు. పసిగట్టకపోతే గెలిచినట్టే. నా రూమ్మేట్ పొడుగుకాళ్ళది "హలో" అనగానే దొరికిపోయింది. జలుబని బుకాయించబోయి ఏడ్చేసింది. పిచ్చి మొహం.

పేకలో ఓడినా నేను మాత్రం అరగంట మాట్లాడాను. మెస్ కూర మీద జోకులు, వార్డెన్ మేడమ్ నడక మీద జోకులు. అమ్మ పడీ పడీ నవ్వింది. నాన్న పోయాక అమ్మని అంతగా నవ్వించినవాళ్ళు లేరు. ఫోన్ పెట్టేశాక అందరూ చప్పట్లు.

ఆగస్టు 24, ఆదివారం

ఓడిపోకపోయినా నేనే ఫోన్ చేశాను. తాగకపోతే జోకులే దొరకడం లేదు. ఇప్పుడు తాగడానికి ఆదివారాలూ చాలడం లేదు.

సెప్టెంబర్ 9, మంగళవారం

ల్యాబ్‌లో చెయ్యి వణికి బ్యూరెట్ పగలగొట్టాను. పొద్దున తాగలేదు కాబట్టి వణికింది.

పొడుగుకాళ్ళది ఆట ఎప్పుడో మానేసింది. నన్నూ మానెయ్యమంది. కౌన్సెలర్ దగ్గరికి పద, నేనూ వస్తా అంది. నీ పని నువ్వు చూసుకోవే అన్నాను. తలుపు ధడాలున వేసి పోయింది. అది చెప్పింది నిజం. అందుకే నాకు ఒళ్ళు మండింది.

అమ్మకి చెప్పేస్తాను. తిడితే తిట్టనీ. వచ్చి జుట్టు పట్టుకుని ఇంటికి లాక్కుపోతే ఇంకా మంచిది.

సెప్టెంబర్ 11, గురువారం, సాయంత్రం

నిన్నటి నుంచి చుక్క ముట్టలేదు. అమ్మకి ఫోన్ చేశాను. అమ్మా, నీకో మాట చెప్పాలి అన్నాను. అంతే. అదేంటే గొంతు అలా ఉంది, ఏమన్నా తాగావా అంది.

ఇన్నాళ్ళలో మొదటిసారి అడిగింది. చుక్క ముట్టని రోజున!

లేదమ్మా అన్నాను. నిజమే కదా, ఇంకేమనను. అమ్మ ఊపిరి పీల్చుకుంది. మరి ఆ ఏడుపు గొంతేంటే, హడలి చచ్చాను, వారమంతా ఆఫీసులో చాకిరీ చేసి నీ ఆదివారం ఫోన్ కోసమే బతుకుతున్నానే తల్లీ, ఎప్పట్లా నవ్వుతూ మాట్లాడు అంది. చెప్పాల్సిన మాటేంటని అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఎంత కోపమొచ్చిందో. కన్నతల్లికి కూతురి గొంతు తెలియదా? కానీ ఆ గొంతు అలవాటు చేసింది నేనే. ఇంకెవరి మీద పడి ఏడవను.

సెప్టెంబర్ 14, ఆదివారం

ఆట లేదు. రూమ్‌లో ఎవరూ లేరు. ముందు గ్లాసు ఖాళీ చేసి, తర్వాత ఫోన్ చేశాను. అమ్మ ఎంత సంతోషపడిందో. ఇదీ నా కూతురంటే అంది.