ఒక సంచి చెత్త అప్పు కావలెను

పారిశుధ్య విభాగం గుమాస్తా గారికి,

నమస్కారం. నేను ఏడో వీధి ఇరవై రెండో నంబరు ఇంటి అమ్మాయిని, కాలేజీలో మొదటి ఏడాది. సంతోషం ఆపుకోలేక రాస్తున్నాను. నెల రోజులుగా మా ఇంటి నుంచి చెత్తబండికి ఏమీ వెళ్లలేదు. తొక్కలు పెరట్లో ఎరువవుతున్నాయి. నూనెకు డబ్బా, సరుకులకు గుడ్డసంచీ పట్టుకెళుతున్నాం. "చెత్త కూడా లేకపోతే అది ఇల్లెలా అవుతుందే" అని మొదట్లో నాన్నమ్మ దెప్పింది. ఇప్పుడు బుట్టకు ఆవిడే కాపలా.

కాలు నేల మీద నిలవని
ఇరవై రెండో నంబరు అమ్మాయి

తా.క. బండి అన్న మా బుట్టలోకి తొంగిచూసి, "ఇంట్లో అందరూ కులాసాయేనా" అని అడిగాడు.

*

ఇరవై రెండో నంబరు వారికి,

ముప్పై రోజులు చెత్త రాని ఇల్లు నిబంధన ప్రకారం నివాసరహితం. అటువంటి ఇంటికి నెలాఖరున కుళాయి కట్టేస్తాం. లోపల ఎవరైనా ఉంటే తెలియజేయగలరు.

ఇట్లు, గుమాస్తా

తా.క. ఎవరూ లేకపోతే జవాబు అక్కర్లేదు.

*

గుమాస్తా గారికి,

ఐదుగురం ఉన్నాం సార్. నాన్నమ్మ లెక్కలో ఆరుగురం, మా అన్నయ్య ఇద్దరి తిండి తింటాడు. 'నివాసరహితం' ఎంత బాగుందో, పైకి నాలుగుసార్లు చదువుకున్నాను. కుళాయి మాత్రం కట్టకండి.

నివాససహితురాలు,
ఇరవై రెండో నంబరు అమ్మాయి

*

ఇరవై రెండో నంబరు వారికి,

మా రిజిస్టరులో మనుషులకు గడి లేదు. చెత్తకు ఉంది. ఒక సంచి చెత్త చూపిస్తే మీరున్నట్టు రాసుకుంటాం.

ఇట్లు, గుమాస్తా

తా.క. సంచి నిండుగా ఉండాలి. సగం సంచికి సగం కుటుంబమని రాయవలసి వస్తుంది.

*

గుమాస్తా గారికి,

నాన్నమ్మా నేనూ సంచి పట్టుకుని చెత్త అప్పుకు బయల్దేరాం. ప్రతి ఇంట్లోనూ "మీకెందుకు లేదు" అని అడిగారు. అడిగితే చెప్పకుండా ఉండగలనా సార్? ఒక్కో ఇంట్లో గంట పట్టింది. వారం తిరిగేసరికి వీధి వీధంతా చెత్త మానేసింది, మా సంచి ఖాళీగానే ఉంది. ఆకుపచ్చ గేటు పిన్నిగారైతే, "మా ఆయన రోజూ ఆఫీసుకి వాడి పారేసే డబ్బాలో అన్నం పట్టుకెళతారు. రేపట్నుంచి స్టీలు క్యారేజీయే, ఎంత గునిసినా సరే" అన్నారు.

దారి తోచని
ఇరవై రెండో నంబరు అమ్మాయి

తా.క. చివరి ఇంటివాళ్లు జాలిపడి ఒక విరిగిన గొడుగు ఇచ్చారు. ఇల్లు చేరేలోపే నాన్నమ్మ బాగుచేసేసింది.

*

ఇరవై రెండో నంబరు వారికి,

బాగుచేసిన గొడుగు చెత్త కిందికి రాదు. మీ విషయం పైఅధికారికి పంపాను, జవాబుకు నెల పడుతుంది. అందాకా కుళాయి కట్టం.

ఇట్లు, గుమాస్తా

తా.క. కొద్దిరోజులుగా నా భోజనం స్టీలు క్యారేజీలో వస్తోంది. మూత తీసిన చప్పుడుకి ఆఫీసంతా తలెత్తి చూస్తోంది. ఇది కార్యాలయ విషయం కాదు.

*

అమ్మాయికి,

చెత్త రాక ముప్పై రోజులు నిండాయని ఏడో వీధి ఇళ్లన్నిటికీ కుళాయి నోటీసులు కట్టగా వస్తే, చిరునామాలు చూడకుండా సంతకాలు పెట్టేశాను. సాయంత్రం ఇంటికెళితే మా గుమ్మంలోనూ ఒకటుంది. ఆకుపచ్చ గేటు మాదే.

మర్నాడు వీధంతా ఆఫీసు మీదకొచ్చింది. ముందు మీ నాన్నమ్మగారు, చేతిలో గొడుగు. పైఅధికారి హడలిపోయి మనుషులకూ గడి గీయమన్నారు. నేనే స్కేలు పెట్టి గీశాను. మీ ఇంటి నంబరుకు ఎదురుగా ఐదు అని రాశాను, ఇక కుళాయికి ఢోకా లేదు. మా ఇంటికి నాలుగు అని రాయబోతే, సొంత ఇంటికి సొంత సాక్ష్యం చెల్లదు, చెత్తే చూపించమన్నారు. మా ఆవిడ పెన్సిలు చెక్కిన పొట్టు కూడా ఇవ్వనంటోంది. మీ దగ్గర నా పాత ఉత్తరాలు మూడున్నాయి కదా, పంపితే మా చెత్తగా చూపించుకుంటాను.

ఇంకా బతికే ఉన్న
గుమాస్తా

*

ఆకుపచ్చ గేటు బాబాయిగారికి,

మీ ఉత్తరాలు చెత్తెలా అవుతాయి? ఒకదాని వెనక పాఠం నోట్సు రాసుకున్నాను. ఒకటి నాన్నమ్మ మడిచి కుంటిబల్ల కాలి కింద పెట్టింది. మూడోది మీ చేతిలోనే ఉంది, ఈ కాగితం తిప్పి చూడండి.

సొంత సాక్ష్యం చెల్లకపోతే పొరుగు సాక్ష్యం చెల్లుతుంది. రేపు పదింటికి మీ ఆఫీసుకి వస్తున్నాం. నలుగురున్నారని మేం చెబుతాం.

మీ వీధి అమ్మాయి

తా.క. వాన సూచనలేమీ లేవు. అయినా నాన్నమ్మ గొడుగు తెస్తోంది.