శ్రావ్య గదికి గడియ

నవంబరు 4, మంగళవారం
పద్దెనిమిది నిండినా మనవరాలు శ్రావ్యకు నెలసరి రాలేదని స్కానింగ్ చేయించాం. గర్భసంచి లేదు. యోనిమార్గం ఏర్పడలేదు. అండాశయాలు బాగున్నాయి. పుట్టుకతోనే ఇంతేనట, ఎవరి తప్పూ కాదట. కోడలు ఏడ్చింది. శ్రావ్య ఏడవలేదు.

నవంబరు 7, శుక్రవారం
మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి. యోనిమార్గం ఏర్పడాలంటే దారులు రెండు. మొదటిది డైలేటర్లు — నున్నటి కడ్డీల్లాంటివి. చిన్నదానితో మొదలుపెట్టి, సైజు పెంచుతూ, రోజూ తనే వాడుకోవాలి. నెలలు పడుతుంది. కోత లేదు, చాలామందికి ఇదే సరిపోతుందట. కుదరకపోతే ఆపరేషన్. దాని తర్వాత కూడా డైలేటర్లు తప్పవు.
కోడలు — "ఆపరేషనే చెయ్యుండ్రి మేడమ్, సంబంధాలు చూసేలోపే అయిపోవాలె."
డాక్టరమ్మ శ్రావ్యనే అడిగింది. "ఇప్పుడైతే ఏమొద్దు మేడమ్. ఆలోచించుకుంట."
తొందరేమీ లేదట. మంచి డాక్టరు.

నవంబరు 8, శనివారం
ఇంట్లో వాదన. ఒకే మాట చెప్పాను — ఆమె ఒళ్లు, ఆమె ఇష్టం, ఇక ఎవరూ అడగొద్దు.
"మీరు గూడ అడగొద్దు మరి, అత్తమ్మా."
సరే అన్నాను.

నవంబరు 12, బుధవారం
అడగలేదు.

నవంబరు 16, ఆదివారం
పిల్ల పెద్దమనిషి అయితే నిలువెత్తు బంగారం ఇస్తానని మేడారం తల్లులకు మొక్కి ఉన్నాను. అక్కడ బంగారమంటే బెల్లమే, మనిషి బరువంత. "కానే లేదు గదా, ఇంకెందుకు?" అంది కోడలు. పిల్లకేం తక్కువని? బజారుకు తీసుకుపోయి బెల్లం తూయించాను.
కాంటా ఎక్కి — "నానమ్మా, బిర్యానీ తిని వచ్చిన. నీకు లాసే."
"ఏం మొక్కు అవ్వా, నౌకరి వచ్చిందా?" కొట్టాయన.
"మనుమరాలు మంచిగున్నది. అందుకే."
శ్రావ్య కాంటా దిగడం మరిచిపోయింది.

నవంబరు 20, గురువారం
వంటింట్లోకి వచ్చి నిలబడింది. డాక్టరమ్మ దగ్గర్నుంచి డైలేటర్లు తెచ్చుకుందట, ఎలా వాడాలో నేర్చుకుందట... "వాడుతనో లేదో తెల్వదు నానమ్మా. నా రూంకు గడియ పెట్టిస్తవా జర?"
పగటిపూట తలుపులు మూయకూడదు — ఈ ఇంట్లో నా నియమం. అందుకే పిల్లల గదులకు గడియలే పెట్టించలేదు.
వడ్రంగికి ఫోన్ చేశాను.

నవంబరు 22, శనివారం
ఇత్తడి గడియ. బాగా కుదిరింది. "బయట గూడ ఒకటి కొట్టాల్నా పెద్దమ్మా?" అన్నాడు వడ్రంగి. వద్దన్నాను. లోపలిది చాలు.
మధ్యాహ్నం. హాల్లో టీవీ పెట్టుకుని పేపరు చదువుతున్నాను. శ్రావ్య లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసింది. గడియ పడుతుందో, లేదో...
టీవీ శబ్దం పెంచాను.