జెట్టీ కన్నం దగ్గర నాన్న

జనవరి 4, శుక్రవారం

...అమ్మ డ్యూటీ నుంచి వచ్చేసింది, అందుకే ఇందాక సగంలో ఆపేశాను. ఎక్కడున్నాను? ఆ, కన్నం దగ్గర.

అజీజియా వైపు పాత జెట్టీ. చివర్లో ఒక చెక్క ఊడిపోయి కన్నం పడింది, నా స్కూల్ బ్యాగ్ దూరేంత. అందరూ అంచున నిలబడి రాడ్లు విసురుతారు. నాన్న ఒక్కడే కన్నం ముందు బాసింపట్టు వేసుకుని తాడు నిట్టనిలువుగా కిందికి దింపుతాడు. రాడ్డు లేదు, రీలు లేదు. నైలాన్ తాడు, సీసం గుండు, గేలం, రొయ్య ముక్క. ఇంకా ఆయన చూపుడువేలు.

జనవరిలో షామ్ చేపలు ఒడ్డు దగ్గరికొస్తాయి. గాలి దెబ్బకి నీళ్ళు ఎంత చల్లబడతాయంటే, అవి స్తంభాల మధ్య కదలకుండా ఉండిపోతాయట. "సలికి సేపక్కూడా బద్దకమే అమ్మాయ్. నోరు తెరవాలంటే దానికి మనమీద నమ్మకం కలగాలి."

మూడు గంటలు. మంకీ క్యాప్, రెండు స్వెట్టర్లు. నేను ఫోన్ చూసుకుంటున్నా, ముక్కు కారుతోంది. నాన్న మాత్రం రాయిలా. వేలు ఒక్కటే బతికుంది.

ఆరు చేపలు. జెట్టీ మీద ఇంకెవరికీ ఒక్కటీ పడలేదు.

జనవరి 5

ఉదయం నాన్న ఆఫీస్‌కి ఫోన్. "ఎస్ సార్... ఓకే సార్... నో ప్రాబ్లెమ్ సార్." వంగిపోయి మాట్లాడతాడు, అవతలివాళ్ళు చూస్తున్నట్టు. నిన్నటి మనిషీ ఈయనా ఒక్కరేనా!

జనవరి 7, సోమవారం

నెమ్మదిగా రాస్తా.

అరబిక్ పీరియడ్. మిస్ బోర్డు మీద ఎప్పటిలాగే రెండు తేదీలు రాసింది. ఇంగ్లీషుది, కింద అరబ్బుల హిజ్రీ క్యాలెండర్ది. 1440, 05, 01. "ఇవాళ్టి నుంచి కొత్త నెల, ఐదోది," అంది.

ఐదోది. ఇవాళ్టి నుంచి.

అక్టోబర్‌లో నాన్న తన ఇకామా, సౌదీలో ఉండటానికిచ్చే పర్మిట్ కార్డు, తెచ్చి నా ముందు పెట్టాడు. ఎప్పుడూ గవర్నమెంట్ పనులు చూసే కంపెనీ మందూబే రెన్యూ చేయించి తెచ్చేవాడు, మేమెవరం డేట్ చూసిందే లేదు. ఈసారి ప్రభుత్వ లిస్టులో కంపెనీ రెడ్‌లో పడింది, పనిలో సరిపడా సౌదీలు లేరని. గ్రీన్ అయ్యేదాకా ఎవరి ఇకామా రెన్యూ కాదు. అందుకని నాన్న, "ఎప్పటిదాకా ఉందో సూసి సెప్పు బంగారం, ఈ అంకెలు నాకు తెలీవు కదా." నేను ఫోన్లో వీడియో చూస్తూ కార్డు వైపు ఒక్కసారి చూశాను. 1440, 05, 20. "మే ఇరవై నాన్నా."

మే కాదు. హిజ్రీ ఐదో నెల. అంటే ఈ నెలే, జనవరి 26.

ఇంకా పంతొమ్మిది రోజులు. నాన్న నాలుగు నెలలనుకుంటున్నాడు.

జనవరి 8

చెప్పలేదు.

జనవరి 9

జుబైల్లో ఒక కంపెనీ నాన్నని తీసుకుంటానంది. అక్కడి మేనేజర్ నాయర్ అంకుల్. కంపెనీ రెడ్‌లో ఉంటే ఇక్కడ పనికి పెట్టుకున్న పాత కఫీల్‌ని అడక్కుండానే మారొచ్చట. ఆన్‌లైన్‌లో రిక్వెస్ట్ పెట్టి, నాన్న ఊఁ అంటే చాలు. ఒక్కటే షరతు, ఇకామా బతికుండగా రావాలి. "ఎక్స్‌పైర్ అయినవాళ్ళని మా వాళ్ళు ముట్టుకోరు," అన్నాడట అంకుల్.

నాన్న ఊఁ అనలేదు. నా టెన్త్ బోర్డ్ ఎగ్జామ్స్ మార్చిలో. జుబైల్ వెళ్తే నేను స్కూల్ మారాలి. "మే దాకా టైముంది కదండీ, పిల్ల పరీక్షలవ్వనివ్వండి."

నా కోసం ఆగాడు. నేను చెప్పిన తేదీని నమ్మి ఆగాడు.

ఇకామా లేకపోతే నాన్న బయట దొరికిన రోజే తర్హీల్లో, దేశం నుంచి పంపేసేవాళ్ళ జైల్లో, వేస్తారు, అక్కణ్ణించి ఫ్లైట్. నేనూ నాన్న ఇకామా మీదే ఉన్నాను. అమ్మ మాత్రం హాస్పిటల్ ఇకామా మీద ఇక్కడ ఒక్కతే. మా క్లాసులో ఫ్యామిలీల మీద వేసిన లెవీ కట్టలేక ఎన్ని బెంచీలు ఖాళీ అయ్యాయో. కనీసం వాళ్ళు టాటా చెప్పి వెళ్ళారు.

జనవరి 11, శుక్రవారం

మళ్ళీ జెట్టీ. తలనొప్పి అందామనుకున్నా, అనలేదు. నేను లేనప్పుడు నాన్నని పోలీసులు పట్టుకుంటే?

పక్కన ఖాన్ భాయ్. పెషావర్ ఆయన, టాక్సీ నడుపుతాడు. ఖరీదైన రాడ్డు, ఖాళీ బకెట్. నాన్న మూడో చేప పైకి లాగేసరికి ఆయనకి మండింది. "ఉస్తాద్, మఛ్లీ ఆప్ కో ఫోన్ కర్తీ హై క్యా?"

నాన్న తల తిప్పకుండానే, "పెహ్లే మిస్డ్ కాల్ దేతా హై, ఖాన్ భాయ్."

నిజం అదే, చేప ముందు మిస్డ్ కాలే ఇస్తుంది. మొదటి లాగుడు చేప ముక్కుతో తోసి చూడటం. రెండోది పెదవులతో పట్టి చూడటం. అప్పుడు లాగితే గేలం ఖాళీగా వస్తుంది. మూడోది లాగుడు కాదు, బరువు. "తాడు మీద ఈగ వాలినట్టుంటాదంతే. అప్పుడు." నా వేలి మీద తాడు వేసి, నా మణికట్టు తన చేత్తో పట్టుకున్నాడు. నాకేమీ తెలియలేదు. నాన్నకి మాత్రం నా చేతిలోంచి తెలిసిపోయింది! "ఇప్పుడు!" అన్నాడు. నిజంగానే ఉంది.

అప్పుడే కోస్ట్ గార్డ్ జీప్.

సోల్జర్ కుర్రాడు. "ఇకామా." వరసగా అందరినీ. ఖాన్ భాయ్ ఇచ్చాడు. నాన్న చేపల చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని నవ్వుతూ ఇచ్చాడు. కుర్రాడు కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. నేను లేచి నాన్న పక్కకి వెళ్ళాను. ఇంకా చెల్లుతుంది, పదిహేను రోజులుంది, నాకు తెలుసు, అయినా. కార్డు తిరిగిచ్చేసి కన్నంలోకి తొంగి చూశాడు. "హినా? ఇక్కడా చేపలు?" నాన్న తనకొచ్చిన నాలుగు అరబీ ముక్కల్లో చెప్పాడు, అటు వెయ్యకు, ఇటు వెయ్యి అని. సోల్జర్ బుద్ధిగా తలూపాడు.

కార్లో నాన్న: "ఏంటే, తెల్లబడిపోయావ్? పేపర్లు సరిగ్గా ఉన్నోడికి బయమేంటి?"

జనవరి 13

అమ్మ చేపల కూర వండింది. చింతపండు పులుసు, పైన కొత్తిమీర. ముద్ద దిగలేదు.

"జ్వరమా?" నుదురు చూసింది. నర్సు కదా, చెయ్యి పెట్టగానే అబద్ధం తెలిసిపోతుందని భయం.

"ఎగ్జామ్ టెన్షన్."

"పరీక్షలకేం గానీ, ముందు తిను. మీ నాన్న ఆ చలిలో ఒణికిపోతూ పట్టుకొచ్చింది ఎవరికోసమనుకున్నావ్!"

జనవరి 16

ఎందుకు చెప్పలేకపోతున్నాను? తిడతాడని కాదు. తిట్టడు. ఇంటికి ఎవరొచ్చినా నాన్న అనే మాట: "మా అమ్మాయి అరబీ గడగడా సదివేస్తాది." ఆ మాట అనేటప్పుడు ఆయన మొహం. ఆయన తొమ్మిదో క్లాసులో బడి మానేసి ఉప్పాడలో వాళ్ళ నాన్నతో పడవ ఎక్కాడు.

రేపు చెప్తా.

జనవరి 17

రేపు.

జనవరి 18, శుక్రవారం

ఇవాళ జరిగింది రాసి తీరాలి, ఏమైనా కానీ.

ఎనిమిదింటికి తాడు బరువెక్కింది. షామ్ కాదు. నాన్న లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ లేవడు. తాడు కొంచెం వదిలి, కొంచెం లాగి, మళ్ళీ వదిలి... పావుగంట. వేలు తెగి రక్తం. పైకి వచ్చేసరికి హమూర్, పెద్ద నోటి చేప, నా చెయ్యంత పొడుగు! కానీ కన్నం చిన్నది. చేప అడ్డం తిరిగింది. తాడు స్తంభానికి అంటుకున్న గుల్లలకి రాసుకుంటోంది. ఇంకో రెండుసార్లు రాస్తే తెగుతుంది.

నాన్న స్వెట్టర్లు విప్పేశాడు. ఆ గాలిలో! చెక్కల మీద బోర్లా పడుకుని, చొక్కా చెయ్యి చింపేసినట్టు పైకి లాక్కుని, భుజం దాకా చెయ్యి కన్నంలోకి దింపాడు. చెంప చెక్కకి అంటుకుపోయింది. కళ్ళు మూసుకున్నాడు. పోటు మీద నీళ్ళు వచ్చి మొహానికి కొట్టాయి. కదల్లేదు. వెతుకుతున్నాడు. చేపని కాదు, దాని మొప్పని. "ఉండమ్మా... ఉండు తల్లీ..." అంటున్నాడు, నాతో కాదు, దాంతో.

మొప్పలో వేళ్ళు దూర్చి, తల నిలువుగా తిప్పి, బిడ్డని తీసినట్టు తీశాడు.

ఖాన్ భాయ్ రాడ్డు కింద పడేశాడు. "వల్లా, ఉస్తాద్! వల్లా!" అవతల ఒక సౌదీ ముసలాయన వచ్చి నాన్న భుజం మీద తన పొడవాటి ఉన్ని బిష్త్ కప్పాడు, తన థర్మోస్‌లో వేడి గహ్వా కాఫీ పోసిచ్చాడు. నాన్న పళ్ళు టకటకలాడుతున్నాయి, కప్పు పట్టుకోలేకపోయాడు. నేను పట్టుకుని తాగించాను.

ఈయన మా నాన్న అని అరవాలనిపించింది. ఈయన్ని ఎవరూ జీప్ ఎక్కించకూడదు. ఎవరూ.

జనవరి 20

ఆరు రోజులు.

జనవరి 22

మందూబ్ ఫోన్ ఎత్తట్లేదట. "పర్లేదులే, మే దాకా..." అన్నాడు నాన్న. ఆ మే నాదే. ఆ నెలని నేనే పుట్టించాను.

జనవరి 24, గురువారం

సాయంత్రం నాయర్ అంకుల్ ఫోన్, స్పీకర్లో. నేను టేబుల్ దగ్గర లెక్కలు చేస్తున్నట్టు.

"రేపు రాత్రి దాకా చూస్తాను. తర్వాత ఆ పోస్ట్ ఇంకొకరికి. ఊఁ అంటే ఇప్పుడే రిక్వెస్ట్ పెట్టేస్తా."

అమ్మ కళ్ళతో సైగ చేసింది, ఒప్పుకో అని. నాన్న నా వైపు చూశాడు. తల దించుకున్నాను.

"పిల్ల పరీక్షలు సార్. ఏప్రిల్లో సూద్దాం సార్."

ఫోన్ పెట్టేశాక అమ్మ: "మీ ధైర్యమేంటో నాకర్థం కాదు."

"దైర్యం కాదే. డేటు. దాన్నడుగు, అదే సదివింది."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. నేనూ నవ్వాను!

జనవరి 25, శుక్రవారం

ఫజర్ అజాన్ అయింది. ఇంకా చీకటి విడలేదు, హాల్లో నాన్న రొయ్యలు కోస్తున్న చప్పుడు.

అమ్మ డ్యూటీలో ఉంది. ఇవాళే చెప్పాలి. రాత్రి దాకా నాయర్ అంకుల్ ఉంటాడు. ఒక్క ఊఁ. స్కూలేమైతే ఏం, మళ్ళీ చదువుకుంటా.

ఎలా మొదలుపెట్టాలో నాలుగుసార్లు రాసి కొట్టేశాను. "నాన్నా, మే అంటే మే కాదు." "నాన్నా, ఒక చిన్న మిస్టేక్." చిన్నది కాదుగా. "నాన్నా, ఇవాళ జెట్టీకి వద్దు, ముందు ఫోన్ చెయ్యి."

ఒకవేళ నేనే తప్పు చూశానేమో అని, ఇందాక ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు పర్సులోంచి కార్డు తీసుకొచ్చాను. దీపం కింద పెట్టి చూశా. ఐదు. ఇరవై. ఫొటోలో నాన్న ఇంకా బక్కగా, కెమెరాకి భయపడుతున్నట్టు. ఇక్కడ ఎవరికీ తెలీదు ఈయన కన్నంలో చెయ్యి పెట్టి ఏం తీయగలడో. ఎక్కడా రాసుండదు కార్డు మీద.

చెప్తాను. బయటికెళ్ళి, ఎదురుగా నిలబడి

తలుపు కొడుతున్నాడు.

"అమ్మాయ్, లేసావా? పోటు ఎక్కుతాంది. నా ఇకామా పర్సులో లేదు, నువ్వేమైనా తీసావా?"

పేజీలు పరుపు కింద పెట్టేస్తున్నా. కార్డు నా చేతిలోనే ఉంది, అలాగే తలుపు తీస్తున్నా.