దుకే మింగిన ఎర్ర ఊలు

కల్కా,
12 డిసెంబరు 1994

నికాసియా వదిన గారికి,

మేరీమాత మిమ్మల్నీ మీ ఇంటాయననీ చల్లగా చూడాలని కోరుకుంటూ ఫెలిసితాస్ రాసుకునే మనవి. ఇక్కడ అందరం క్షేమం అని రాస్తే అబద్ధమవుతుంది, కాదు అని రాస్తే మీరు కంగారు పడతారు. అందుకని ఆ మాట పక్కన పెట్టి విషయానికే వస్తాను.

దుకేకి ఒంట్లో బాగాలేదు.

ఈ రెండేళ్ళలో మీకు నేను ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు కూడా మనసై రాయడం లేదు. వాడు మీ కుక్క, మీకు తెలియజేయడం నా బాధ్యత, అంతే. వాణ్ణి పాలుతాగే పిల్లగా చొక్కాలో పెట్టుకుని తెచ్చింది మా అన్న ఎస్తానిస్లావ్. సాకింది మీరు. అన్న పోయి ఏడాది తిరక్కుండా మీరు ఇంకో పెళ్ళి చేసుకుని అరెకీపా బస్సెక్కిన రోజు, అక్కడి అద్దె గదిలో కుక్కల్ని ఉండనివ్వరని చెప్పి వాణ్ణి నా వాకిట్లో కట్టేసి వెళ్ళారు. అప్పట్నించీ వాడు నా దగ్గరే తింటున్నాడు, నా దగ్గరే పడుకుంటున్నాడు. ఇందులో దెప్పిపొడవడం ఏమీ లేదు. ఉన్నమాట రాస్తున్నాను.

ఈ నెల రెండో తారీఖు పొద్దున జావ పెడితే మూతి తిప్పేసుకున్నాడు. కాసేపటికి పచ్చటి నీళ్ళు కక్కాడు. వీపు విల్లులా వంచి గోడవారగా నిలబడ్డాడు, పిలిస్తే తోకైనా ఊపలేదు. పక్కింటి ఆస్తేరియా మీకు తెలుసుగా, ఆవిడ దగ్గర ప్రతి రోగానికీ ఒకటే మందు. "మున్యా ఆకు కాచి పొయ్యవే, సాయంత్రానికి లేచి నా కోళ్ళనే తరుముతాడు" అంది. పోశాను. అదీ కక్కేశాడు. మూడో రోజుకి నాలుక తెల్లబడింది. ఇటుకలు మోసే ఒంటిచక్రం బండిలో గోనెసంచి పరిచి, వాణ్ణి అందులో పడుకోబెట్టుకుని పశువుల డాక్టరు పలోమినో దగ్గరికి తోసుకెళ్ళాను. వానాకాలం రోడ్డు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. గోతిలో చక్రం పడినప్పుడల్లా వాడు మూలిగాడు, వాడితో పాటు నేనూ.

డాక్టరు పొట్ట నొక్కి చూశాడు. తర్వాత నోరు తెరిచి నాలుక పైకెత్తి నన్ను చూడమన్నాడు. నాలుక మొదట్లో సన్నటి ఎర్ర దారం బిగిసి ఉంది, మాంసంలోకి దిగిపోయి. "మీరు ఊలు అల్లుతారా అమ్మా?" అని అడిగాడు. ఈ ఊళ్ళో అల్లనివాళ్ళెవరండీ అన్నాను. దారం రెండో కొస లోపల పేగుల్లో ఉంది, లాగితే పేగు తెగుతుంది, పొట్ట కోసి తియ్యాల్సిందే, వయసు పదకొండు కాబట్టి మాట ఇవ్వలేను అన్నాడు.

కోయించాను. ఆస్తేరియా ముక్కున వేలేసుకుంది. "కుక్కకి ఆపరేషనా! మా ఆయనకి గజ్జల్లో పేగు జారి ఆపరేషన్ అంటేనే వద్దన్నాను నేను, ముప్పయ్యేళ్ళుగా గుడ్డ కట్టుకు తిరుగుతున్నాడు" అంది. లోపల్నించి బారెడు ఎర్ర ఊలు వచ్చింది. నా అల్లిక బుట్టలోంచి లాక్కుని మింగి ఉంటాడు. నేనే జాగ్రత్తగా ఉండాల్సింది.

ఇది జరిగి వారమైంది. కుట్లు బాగానే ఉన్నాయి. కానీ వాడు తినడు. చెంచాతో చారు పోస్తే ఒక పక్కనించి పోసింది ఇంకో పక్కనించి కారిపోతుంది. కుట్లు నాకకుండా పొట్ట చుట్టూ తెల్ల ఊలుతో గొట్టంలా ఒక చొక్కా అల్లి తొడిగాను. అందులో వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది, నవ్వితే ఏడుపొస్తుంది.

ఇవతల కుస్కో పట్నం చౌకులో ఇరవై నాలుగున క్రిస్మస్ పండగ సంత. బాల ఏసు బొమ్మలకి చెవుల టోపీలూ పొంచో శాలువలూ మేజోళ్ళూ కలిపి అరవై చెయ్యాలనుకున్నాను. సగమే అయ్యాయి. కూర్చోలేకపోతున్నాను. నాలుగు వరుసలు అల్లుతాను, లేచి వాడి పొట్ట కదులుతోందో లేదో చూస్తాను, వచ్చి కూర్చుంటే ఎన్ని కుట్లో మర్చిపోతాను. నిన్న ఒక టోపీకి ఒకటే చెవి అల్లాను. ఒక మేజోడు వేలెడు, దాని జత జానెడు. విప్పడం, మళ్ళీ మొదలెట్టడం. సంత సంఘం పెద్ద గుమెర్సిందా వచ్చి బుట్టలోకి తొంగి చూసింది. "ఈసారి నువ్వు కూర్చోకపోతే మీ జాగా వేరేవాళ్ళకి పోతుంది ఫెలిసితాస్, మళ్ళీ నన్ను తిట్టుకోకు. పన్నెండు కుటుంబాలు కాచుక్కూర్చున్నాయి" అంది. ఆ జాగా మా అమ్మది. తర్వాత మనిద్దరిదీ. ఆవిడ మంచికే చెప్పింది గానీ, ఆ పూటంతా నా చేతులు ఆడలేదు.

తెలియజేశాను. ఇక మీ ఇష్టం.

ఇట్లు,
ఫెలిసితాస్

*

కల్కా,
26 డిసెంబరు 1994

వదినా,

పండగ శుభాకాంక్షలు. నువ్వూ మీ ఆయన రోసేందో గారూ కడుపునిండా తిని హాయిగా ఉన్నారని తలుస్తాను.

పైన పెట్టిన ఉత్తరం పోస్టు చెయ్యలేదు. పోస్టాఫీసు దాకా వెళ్ళాను. తలుపు దగ్గర నిలబడ్డాను. లోపలున్నాయన "ఏమ్మా, వాన తగ్గేదాకా ఉంటావా?" అని అడిగితే అవునన్నాను, వాన తగ్గగానే ఇంటికొచ్చేశాను. చించేద్దామనుకున్నాను గానీ మనసొప్పలేదు. రెండూ ఒకే కవర్లో పంపుతున్నాను. మొదటిది చదివి కోపమొస్తే రెండోది చదివాకే కోపం తెచ్చుకో.

ముందు అసలు మాట చెప్పేస్తాను: దుకే బతికే ఉన్నాడు.

ఇరవయ్యో తారీఖున డాక్టరు చూసి, గాయం మానింది, కుక్కే మానలేదు అన్నాడు. తినాలన్న కోరిక లేకపోతే ఇంకో నాలుగైదు రోజులు, అంతకు మించి మందేమీ లేదన్నాడు. నా దగ్గర నలభై ఎనిమిది వస్తువులు తయారుగా ఉన్నాయి. సంతకి వెళ్ళడమా, ఇంట్లో ఉండడమా? గుమ్మంలోంచి వాకిట్లోకీ వాకిట్లోంచి గుమ్మంలోకీ తిరిగీ తిరిగీ చెప్పు తెగింది. ఆస్తేరియా వచ్చి "నా దగ్గర వదిలెయ్యవే, చూసుకుంటాను. పోతే పాతిపెడతాలే" అంది. మంచితనంతోనే అంది, పాపం. కానీ ఆ మాట విన్నాక ఎలా వదుల్తాను?

వీపుకి కట్టుకున్నాను. నిజం వదినా, దుప్పటిలో చంటిపిల్లాణ్ణి కట్టుకున్నట్టే. ఎముకలే మిగిలాయి, బరువేముంది గనక. బస్సులో ఒకావిడ లేచి సీటిచ్చింది. "ఎన్నో నెలమ్మా?" అని అడిగింది. పదకొండేళ్ళండీ అన్నాను. ఆవిడ దుప్పటి పక్కకి తీసి చూసి ఒక్క కేక పెట్టింది, బస్సంతా వెనక్కి తిరిగింది. కండక్టరు కుక్కని దింపమంటాడేమోనని దుప్పటి ముడి గట్టిగా పట్టుకున్నాను. అతను వంగి చూసి "వీడికి నాకంటే మంచి చొక్కా ఉంది" అని ముందుకెళ్ళిపోయాడు.

చౌకులో సన్నటి తుంపర. మన వరుస, మన రాయి, అన్నీ అలాగే ఉన్నాయి. క్రిస్మస్ పాకలకి నాచు అమ్మేవాళ్ళూ మట్టిబొమ్మలవాళ్ళూ ఎప్పటిలాగే తోసుకుంటున్నారు. అట్టపెట్టెలో గడ్డి వేసి దుకేని నా పక్కన పడుకోబెట్టాను, నువ్వు కూర్చునే వైపు. కావాలని కాదు, జాగా ఉన్నది అక్కడే.

నేను భయపడింది వాడి గురించి. కానీ నా ప్రాణం తీసింది మన పాత బేరగాళ్ళు. వచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే ప్రశ్న, "మీ వదిన ఏదీ?" పోయినేడు జ్వరమొచ్చి నేను సంతకి రాలేదు కదా, అందుకని రెండేళ్ళ ప్రశ్నలూ కలిపి అడిగారు. మొదటావిడకి నీకు ఒంట్లో బాగాలేదని చెప్పాను. రెండో ఆయనకి వెనకాల వస్తోందన్నాను. మూడోవాళ్ళకి పురుడు పొయ్యడానికి వెళ్ళిందన్నాను, ఎవరి పురుడో నాకే తెలీదు. ఈ మూడో ఆవిడా మొదటి ఆవిడా అక్కచెల్లెళ్ళట. ఇద్దరూ కలిసి మళ్ళీ వచ్చి "ఒంట్లో బాగాలేని మనిషి పురుడెలా పోస్తుంది?" అని నిలదీశారు.

మధ్యాహ్నానికి ఆ ముసలావిడ వచ్చింది. ఏటా తన బాల ఏసుకి మేజోళ్ళు కొంటుందే, కర్ర పట్టుకుని, ఒక కంట్లో తెల్ల పువ్వు వేసినావిడ. మేజోడు వేళ్ళతో తడిమి చూసి "ఇది నీ చేతిది. రెండో చెయ్యేదీ?" అంది. నాకిక అబద్ధం దొరకలేదు. నేనే తరిమేశానండీ అన్నాను. మా అన్న చెప్పులు గుమ్మంలోంచి తియ్యకముందే ఇంకొకడి చెయ్యి పట్టుకుంది అని ఊరంతా వింటుండగా బస్సు దగ్గర అరిచానండీ, ఆ మనిషి బస్సు కిటికీలోంచి నన్నే చూస్తూ వెళ్ళిపోయిందండీ అని మొత్తం చెప్పేశాను. సంతలో, గట్టిగా, ముక్కు చీదుకుంటూ. గుమెర్సిందా కూడా విన్నది. ముసలావిడ అంతా విని "నేను ముగ్గుర్ని కట్టుకున్నాను. చచ్చినవాళ్ళెవ్వరూ అడ్డు చెప్పలేదు. బతికున్నవాళ్ళకే నొప్పి" అంది. ఆ మేజోళ్ళే తీసుకుని వెళ్ళిపోయింది.

నేను ఇంకా కళ్ళు తుడుచుకుంటుండగా పక్క పొయ్యి దగ్గర అరుపులు. చూస్తే పెట్టె ఖాళీ. దాదాపు మూడు వారాలుగా నిలబడనివాడు, నాలుగు బారల దూరం నడిచివెళ్ళి, వేయించిన పందిమాంసం ముక్క ఎముకతో సహా నోట కరుచుకుని నిలబడ్డాడు, తెల్ల చొక్కాలో, బిషప్పు లాగా. డాక్టరు చారు తప్ప ఏమీ వద్దన్నాడు వదినా! నేను నోట్లో చెయ్యి పెట్టి లాగుతాను, వాడు గుర్రుమంటాడు, మాంసం అమ్మే మనిషి గరిటె ఎత్తి "కుక్కకి తిండి పెట్టవా తల్లీ, ఎముకలు లెక్కపెట్టొచ్చు" అని నన్నే తిడుతుంది. ఎముక లాక్కున్నాను. మాంసం అప్పటికే లోపలికెళ్ళిపోయింది. ఆ తర్వాత సాయంత్రం దాకా నేను అమ్మిందేమిటో, ఎవరికి అమ్మానో నాకు గుర్తులేదు. వాడి పొట్ట మీదే చెయ్యి. కక్కలేదు. నిన్న జావ తాగాడు. ఇవాళ పొద్దున ఆస్తేరియా కోడిని చూసి చెవులు నిక్కించాడు, ఆవిడ అప్పుడే తిట్లు మొదలుపెట్టింది.

జాగా నిలబడింది. సరుకు దాదాపు అంతా పోయింది. ఇప్పుడు చెయ్యాల్సిన అల్లిక లేదు, చూడాల్సిన రోగమూ అంతగా లేదు, అయినా కూర్చోలేకపోతున్నాను. ఆ రోజు బస్సు దగ్గర అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీకు ముప్పై నాలుగేళ్ళు. అన్న ఉండుంటే నా చెంపే పగలగొట్టేవాడు. నువ్వు వెళ్తున్నావని కాదు నాకు కోపం, నన్ను వదిలేసి వెళ్తున్నావని. అది చెప్పడానికి నోరు రాక చచ్చినవాణ్ణి అడ్డం పెట్టుకున్నాను.

రోసేందో గారికి నా నమస్కారం చెప్పు. ఆయన్ని మొన్నటిదాకా "ఆ కుట్టుమిషన్లవాడు" అనేదాన్ని. ఇక అనను.

నీ ఆడపడుచు,
ఫెలి

తా.క. కవరు అంటించి మళ్ళీ విప్పాను. నా బుట్టలోంచి ఊలు మింగాడని రాశాను కదా, అది అబద్ధం. ఆ ఎర్ర ఊలు నీది. నువ్వు పంపిన పార్సెలు డిసెంబరు ఒకటిన అందింది. పైన నీ దస్తూరీ చూడగానే ఒళ్ళు మండి, విప్పకుండానే వాకిట్లో బురదలోకి విసిరికొట్టాను. దుకే లేచి పరుగెత్తాడు. రెండేళ్ళలో వాడు అలా పరుగెత్తడం నేను చూడలేదు. కాగితం చీల్చి, నీ ఊలు గడ్డం కింద పెట్టుకుని, మూలుగుతూ, కళ్ళు మూసుకుని పడుకున్నాడు. అది కూడా ఓర్చుకోలేకపోయాను. పొయ్యిలో వేద్దామని లాక్కోబోయాను. వాడు ఇవ్వలేదు. నేను లాగేకొద్దీ మింగాడు. వాడి పేగుల్లోకి ఆ ఊలు పంపింది నా చెయ్యే.

లోపల నీ ఉత్తరం ఉంది. వాడు నమలగా, వాన తడపగా ఒక్క చిన్న ముక్క దొరికింది. పొయ్యి పక్కన ఆరబెడితే "జనవరిలో" అన్న మాట తేలింది. జనవరిలో ఏమిటి వదినా? ఇరవై ఐదు రోజులుగా ఆ ముక్క పట్టుకుని తిరుగుతున్నాను. వస్తానన్నావా, రమ్మన్నావా, ఇంకా దూరం వెళ్ళిపోతున్నానన్నావా?

ముగ్గురు రాజుల పండగ అయిన మర్నాడు, జనవరి ఏడున, దుకేని వీపుకి కట్టుకుని అరెకీపా బస్సెక్కుతున్నాను. ఒకవేళ నువ్వు రావద్దనే రాసి ఉంటే, నేనది చదవలేదు. అందుకే వస్తున్నాను.