రిజిస్ట్రేషన్ నాడు నువ్వన్న మాట

బద్రియాకి,

ఇక్కడ బస్రాలో నా మోకాళ్లు తప్ప అన్నీ బాగానే ఉన్నాయి. నా రాత నిదానంగా చదువుకో.

టర్కీలో ఫ్లాట్ కొన్నావని తెలిసినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. పరాయి దేశం మనిషి పేరున ఇల్లు నిజంగా రాస్తారా? కాగితం మీద పేరు నీదేనా, ఎవరికైనా చూపించావా? ఆ యలోవా ఊళ్లో భూమి కంపిస్తుందట కదా, నాలుగో అంతస్తు ఎందుకు తీసుకున్నావు? తలుపుకి ఇంకో గడియ పెట్టించు.

నాలుగు పేజీల ఉత్తరంలో మూడు పేజీలు ఆ పక్కింటి మెలాహతే. మెలాహత్ సూప్ తెచ్చింది, మెలాహత్ కర్టెన్లు కుట్టింది. ఆవిడకి ఎండు నిమ్మకాయల టీ నేర్పావట. నీకు నేర్పిందెవరు?

అదీ పోనీ. రిజిస్ట్రేషన్ ఆఫీసులో నీ మాటలు వాళ్ల భాషలో చెప్పే ఆయన ఆ మెలాహత్‌ని చూపించి, "వెంట వచ్చినావిడ ఎవరమ్మా?" అనడిగితే "మా అక్క" అన్నావట! పైగా నవ్వుతూ రాశావు. హాజీ నిన్ను రెండో పెళ్లాంగా తెచ్చిన రోజు నుంచి ముప్పై ఎనిమిదేళ్లు ఒకే పొయ్యి మీద వండుకున్నాం. ఆయన పోయాక కూడా. ఎవరడిగినా నన్ను "ఇంట్లో పెద్దావిడ" అనే చెప్పావు. నేనూ నిన్ను "ఆ పిల్ల" అనేదాన్నిలే.

వీసాకి ఫోటో దిగాను, దొంగమొహంలా వచ్చింది. వచ్చే నెల వస్తున్నాను. మెట్ల మీద ఆ మెలాహత్ ఎదురైతే నేను నీ అక్కనని చెప్పు. ఆవిడకి బాగా వినపడేలా చెప్పు. లోపలికెళ్లి తలుపేసుకున్నాక మనం ఎప్పట్లాగే పోట్లాడుకుందాం.