సూరిగాడి సైన్యం

మౌలాలి,
జూలై 2004

మా అప్పకి,

ఫోనులో నీకు సగం వినపడదు, మిగతా సగం నేను చెప్పలేను. అందుకే రాస్తున్నాను. మా సూరిగాడు బండి మీద నుంచి పడ్డాడు. గాభరా పడకు. కుడి మణికట్టు విరిగింది, కట్టు వేశారు. వాడి దిగులు మాత్రం చేతి గురించి కాదు, బొమ్మల గురించి.

వాడికో ఆట ఉంది. చదరంగంలాంటిదే అనుకో, కాకపోతే గళ్ళుండవు. బల్లంతా యుద్ధభూమి. టేపుతో దూరం కొలిచి సైన్యాన్ని నడిపిస్తారు, పాచికలు వేసి కొట్టుకుంటారు. వేణుమాధవ్ అని వాడి స్నేహితుడు సింగపూర్ వెళితే తెప్పించుకున్నాడు. చిటికెన వేలంతేసి అస్థిపంజరాలు, చేతుల్లో ఈటెలు, డాళ్ళు. అన్నీ బూడిదరంగు ప్లాస్టిక్కు. ఆఫీసు కుర్రాళ్ళంతా కలిసి లాలాగూడలో హాలు తీసుకుని పోటీ పెట్టుకున్నారు. రంగు వెయ్యని బొమ్మ బల్లెక్కకూడదట. పోటీ దగ్గర పడింది, వీడి సైన్యమేమో పెట్టెలోనే ఉంది.

"పోనీలేమ్మా, ఈసారికి మానేస్తాను" అన్నాడు గోడవైపు తిరిగి.

"ఎందుకు మానడం? నేనేస్తాను" అన్నాను. ముగ్గు తప్ప ఏమీ ఎరగని దాన్ని, ఎందుకన్నానో తెలీదు. ఈమధ్య చేతులు ఊరుకోవడం లేదప్పా. తోమిన గిన్నెలే మళ్ళీ తోముతున్నాను.

మొదటి సాయంత్రమంతా ఒక్క పుర్రెతోనే సరిపోయింది. పళ్ళు విడివిడిగా దిద్దాలని తంటాలు పడ్డాను. అప్పుడే కాప్రా నుంచి సృజన వచ్చింది. సూరితో పనిచేసే పిల్ల, ఆమె కూడా ఈ ఆటే ఆడుతుంది. నా పని చూసి నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"ఏందాంటీ, ఒక్కదానికే గింత టైం పెడ్తే ఎట్ల? పళ్ళు ఎవరు సూస్తరు? మూడడుగుల దూరంకెల్లి మంచిగ కనపడ్తే సాలు."

అసలు సంగతి ఇంకా రాయలేదు. సూరి మాదాపూర్ వైపు ఫ్లాటు తీసుకున్నాడు. దసరాకి మారిపోదామంటున్నాడు. "ఉద్యోగం మానెయ్యమ్మా, ఇన్నేళ్ళు పడింది చాలు" అంటున్నాడు. సరేలేరా అన్నాను. అన్న దగ్గర్నుంచి నిద్ర లేదు. నాకు మానాలని లేదప్పా.

నీ చెల్లెలు,
ప్రేమమణి


మౌలాలి,
ఆగస్టు

అప్పా,

నీ ఉత్తరం అందింది. 'కొడుకు పువ్వుల్లో పెట్టి చూస్తానంటే ఏడుపేమిటే' అని రాశావు. నీ కోపం న్యాయమే. ముందు బొమ్మల సంగతి చెప్పి తర్వాత దానికి జవాబు రాస్తాను.

ఒక్కో బొమ్మనీ పూర్తి చెయ్యకూడదని సృజన నేర్పింది. సైన్యాన్నంతటినీ ఒకేసారి పట్టుకోవాలి. పెరట్లో అట్టమీద వరసగా నిలబెట్టి ఎముకరంగు స్ప్రే కొట్టాం. ఆరాక డాళ్ళన్నిటికీ ఎరుపు, ఈటె మొనలన్నిటికీ వెండిరంగు. ఆ తర్వాత పల్చటి ముదురు గోధుమరంగు నీళ్ళు పైనుంచి పులిమేశాం. ఎంత భయమేసిందో! అంతా బురదపాలయిందనుకున్నాను. ఆరేసరికి ఆ రంగు పక్కటెముకల సందుల్లోకీ, కళ్ళ గుంటల్లోకీ దిగి, దానంతటదే నీడలు తెచ్చిపెట్టింది. చివర్న దాదాపు పొడిగా ఉన్న కుంచెతో లేతరంగు పైపైన రాస్తే ఎత్తుపల్లాలు తేలాయి. కాళ్ళకింద జిగురు రాసి ఇసక చల్లాం. ఒక్కోటీ దగ్గరగా చూస్తే మరకలే. బారులు తీర్చి నాలుగడుగులు వెనక్కి వేస్తే ఒళ్ళు జలదరించింది.

సూరి ఎడమచేత్తో ఒకదాన్ని ఎత్తి చూశాడు. "అమ్మా, ఇది నడిచేలా ఉందే!" అన్నాడు. వాడు అలా నవ్వి చాలా కాలమైంది.

వాడు లోపలికి వెళ్ళాక సృజన అంది: "కొత్తింటికి పోతున్నరంట గద. ఖుషీగ లేరు, ఎందుకాంటీ?" నీకు తప్ప ఎవరికీ చెప్పనిది ఆ పిల్లకి చెప్పేశాను. కుంచె కడుగుతూ అంతా విని, "గిదంతా నాకు చెప్తే ఏమొస్తది? సూరికి చెప్పున్రి" అంది.

ఇప్పుడు నీకు జవాబు. మీ మరిది పోయాక ఆయన బదులు నాకు ఉద్యోగమిచ్చినప్పుడు ఏడుస్తూ వెళ్ళాను. నిజమే. కానీ అది అప్పటి మాట. ఇప్పుడు పొద్దున్నే చీర కట్టుకుని, తాళం వేసి బయటపడితే ఒళ్ళు తేలికవుతుంది. ఆఫీసులో పక్క కుర్చీలో ఆలిస్ ఉంటుంది, టీ వేళకి నవ్వుకునే మాటలుంటాయి. ఈ క్వార్టర్సు నా పేరున వచ్చింది. ఫ్లాటులో కిటికీ దగ్గర కూచుని వాడి బండి చప్పుడు కోసం ఎదురుచూడటం నావల్ల కాదు. ఇది స్వార్థమైతే స్వార్థమే అనుకో. వాడికి చెప్పడానికి నోరు రావటం లేదు. వంటింట్లోంచి వీధిలోకీ, వీధిలోంచి వంటింట్లోకీ తిరుగుతున్నాను.

ప్రేమ


మౌలాలి,
నవంబరు

అప్పకి,

ఇన్నాళ్ళూ రాయలేదని అలిగావట, కన్నబాబు ఫోనులో చెప్పాడు. నీ కొడుకు నీ కోపాన్ని కూడా దాచలేడు.

పోటీకి నేనూ వెళ్ళాను. సూరి ఆడిన మొదటి ఆట గెలిచాడు, తర్వాతవన్నీ ఓడాడు. అయినా పొంగిపోయాడు. అందరూ మన బల్ల చుట్టూ మూగారు. "మా అమ్మ వేసింది" అని వచ్చిన వాడికల్లా చెప్పాడు. ఆ సంతోషంలో, తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అనేశాను.

"సూరీ, నేను మాదాపూర్ రానురా. ఉద్యోగం మానను."

వాడికి అర్థం కాలేదు. "ఎందుకమ్మా? నాకోసమే కదా ఇన్నాళ్ళూ చేశావు!"

"మొదట్లో నీకోసమేరా. తర్వాత్తర్వాత నాకోసం."

ఆ మాట వాడికి ఎక్కడ తగిలిందో, ఇంట్లోకి రాగానే అరిచాడు. వాడు నామీద అరవడం అదే మొదటిసారి.

"నీకోసమా? మరి నేను? బడి నుంచొచ్చి తాళం తీసుకుని, నువ్వొచ్చేదాకా ఈ గదిలో ఒక్కణ్ణే కూచునేవాణ్ణి. మనకోసమే కదా అని ఓర్చుకున్నానమ్మా!"

అంతలోనే నేలమీద చతికిలబడ్డాడు. గొంతు తగ్గించి అన్నాడు: "సోడామూతలు రెండు బారులుగా పేర్చి యుద్ధం ఆడేవాణ్ణి. అటూ నేనే, ఇటూ నేనే. ఫ్లాటు నీ సుఖం కోసమని అందరికీ చెప్పాను గానీ... ఖాళీ ఇంట్లోకి తాళం తీసుకుని వెళ్ళడమంటే నాకిప్పటికీ భయమమ్మా."

ఇన్నేళ్ళూ వాణ్ణి బుద్ధిమంతుడని మెచ్చుకున్నాను, అల్లరి చెయ్యడని. ఒంటరివాడని అనుకోలేదు. వాడి తల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. అలా ఏడుస్తూ కూడా, నీ దగ్గర దాపరికమెందుకు, మానేస్తాను అన్న మాట నా నోట రాలేదు. వాడూ అడగలేదు.

నాలుగురోజులు ఒకరి చుట్టూ ఒకరం పిల్లుల్లా తిరిగాం. అయిదోనాడు అన్నం తింటూ వాడే, "వేణుగాడు వచ్చి ఫ్లాటులో నాతో ఉంటానన్నాడు" అన్నాడు. మంచిదన్నాను. దసరా వెళ్ళాక సామాను వేసి పంపించాను. లారీ మలుపు తిరిగేదాకా నవ్వుతూనే ఉన్నాను. తర్వాత ఎలా ఉన్నానో రాయను.

మొన్న ఆదివారం వచ్చాడు. భోజనాలయ్యాక బల్లమీద దుప్పటి పరిచి, రెండు సైన్యాలూ దించాడు. ఒకటి మనది, రెండోది సృజన దగ్గర అడిగి తెచ్చాడట. తను ఒకవైపు కూచుని, "అవతల కూచో అమ్మా" అన్నాడు. నియమాలు సగం బుర్రకెక్కలేదు. ఎక్కడ కొట్టాలో తెలియక అడ్డంగా నడిపించాను. చీకటి పడకముందే చిత్తుగా ఓడిపోయాను.

మళ్ళీ పేర్చమన్నాను.

నీ
ప్రేమమణి