తమ్ముడి బోల్టు

ప్రియమైన తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, మీ బావ ఎడమ మోకాలు ఒక్కటి తప్ప. మెట్లెక్కేటప్పుడు అది చేసే చప్పుడు విని, ఆయన ఇంటికి వచ్చారని పక్కవాటావాళ్ళు తెలుసుకుంటున్నారు. డాక్టరుకి చూపించుకోమంటే, "మోకాలన్నాక ఏదో ఒకటి అంటుంది, పట్టించుకోకూడదు" అంటారు. అక్కడ నువ్వూ, మరదలూ, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మరదలి దగ్గు తగ్గిందా? నీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. నువ్వు ఒక సంగతి రాయలేదంటే అది తగ్గలేదనే నాకు అర్థం.

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. బడిలో ఊపిరాడని పని, అందుకే ఆలస్యమైంది అని రాద్దామనుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం రాయడానికి ఇవాళ శనివారం మధ్యాహ్నం పిల్లలంతా వెళ్ళిపోయాక, లైబ్రరీలో చిన్నపిల్లల బల్ల ముందు కూర్చున్నాను. కుర్చీ ఎంత పొట్టిదంటే నా మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

నాన్న ఉత్తరాలు పంపమని ఇది మూడోసారి అడగడం. పాపకి చదవడం వచ్చేసిందనీ, తాతయ్య ఉత్తరాలు దాని చేతే పైకి చదివిస్తాననీ, సెలవుల్లో తాతయ్య పనిచేసిన వంతెన ఏదో వాటిలో చూసి అక్కడికి తీసుకెళ్ళి తాతయ్య నీ పేరు పెట్టిన బోల్టు చూపిస్తాననీ రాశావు. మొదటి రెండుసార్లూ నేను మాట దాటేశాను. ఈసారి పంపుతున్నాను. అమ్మ పోయాక నా దగ్గరికి వచ్చిన పంతొమ్మిదీ దారం కట్టి ఇందులోనే పెట్టాను. కానీ ముందు నా ఉత్తరం చివరిదాకా చదువు. ఆ తరువాతే దారం విప్పు. పాప ఎదురుగా మాత్రం విప్పకు.

ఇక, అత్త లైబ్రరీలో ఏం చేస్తుందని పాప అడిగిందన్నావుగా, దానికి జవాబు. మా లైబ్రరీకి అతిథులు నెలకొకరు వస్తారు. మొదట్లో హెడ్మాస్టరుగారు పెద్దపెద్దవాళ్ళనే పిలిచారు. ఒకాయన క్రమశిక్షణ మీద గంటసేపు మాట్లాడితే ఒకటో తరగతి మొత్తం చాప మీదే నిద్రపోయింది. అప్పటినుంచి ఆ పెత్తనం నాకు వదిలేశారు. నాది ఒకటే షరతు. వచ్చినవాళ్ళు తమ పని గురించి పది నిమిషాలు చెప్పి, ఒక బొమ్మల పుస్తకం పిల్లలకి చదివి వినిపించాలి. పళ్ళ డాక్టరమ్మ వచ్చినప్పుడు కథ మధ్యలో ఒకడు లేచి, "మీకు అన్ని పళ్ళూ ఉన్నాయా?" అని అడిగాడు. ఒకటి కట్టుడు పన్నని ఆవిడ ఒప్పుకునేదాకా కూర్చోలేదు. ఉత్తరాలు పంచే ఆవిడ వచ్చి కుక్కల నుంచి తప్పించుకోవడం నేర్పింది. ఆ వారమంతా బడి వరండాలో ఒకడు కుక్క, మిగిలినవాళ్ళంతా పోస్టువాళ్ళు.

అతిథులు నెలకొకసారే గాని, ప్రతి గురువారం జత చదువు ఉంటుంది. ఐదో తరగతిలో ఒకరికి ఒకటో తరగతిలో ఒకరిని జత చేస్తాను. పెద్దవాళ్ళు చదువుతారు, చిన్నవాళ్ళు వింటూ బొమ్మలు చూస్తారు. సంవత్సరమంతా అదే జత. ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్న పనుల్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే.

ఈ ఏడాది జతల్లో ఒకటి ప్రత్యేకం. పెద్దపిల్లని నేను లాయరు అంటాను. ఏం చెప్పినా "అలాగని ఎక్కడ రాసుంది మేడం?" అంటుంది. చిన్నదాని పేరు పిచ్చుక. ముందు పళ్ళు రెండూ ఊడిపోయి, ఒక్కచోట నిలవదు. వాళ్ళిద్దరూ నాలుగు నెలలుగా ఒకే పుస్తకం చదువుతున్నారు. గొడుగు పోగొట్టుకున్న ఎలుగుబంటి కథ. వేరేది ఇస్తానంటే పిచ్చుక ఆ పుస్తకాన్ని పొట్టకి కరుచుకునేది.

పోయిన నెల ఫైరింజను డ్రైవరు అతిథిగా వచ్చాడు. ఆరడుగుల మనిషి. బెల్టూ, బూట్లూ పిల్లలకి చూపించాడు, హెల్మెట్ అందరి తలకీ పెట్టాడు. తీరా చదవాల్సి వచ్చేసరికి చెమటలు పట్టాయి. ఇంట్లో భార్య ముందు మూడుసార్లు చదివి వచ్చానని నాతో చెప్పాడు. ఏం చదవమంటారని పిల్లల్ని అడిగితే పిచ్చుక అందరికంటే ముందు పరిగెత్తి ఎలుగుబంటి పుస్తకం ఆయన ఒళ్ళో పెట్టింది. ఇంట్లో చదివి వచ్చిన పుస్తకం అది కాదు. అయినా, పాపం, మొదలుపెట్టాడు.

బాగా చదివాడు కూడా. ఎలుగుబంటి వానలో బస్టాపుకి వచ్చే పేజీ దగ్గర పిచ్చుక లేచి నిలబడింది. చుట్టూ అందరి వైపూ గర్వంగా చూసింది. ఆయన ఆ పేజీ చదివి తిప్పేశాడు.

"అంకుల్, నన్ను వదిలేశారు!" అంది పిచ్చుక.

"నిన్నెక్కడ వదిలేశానమ్మా?"

"ఇక్కడే. రెండు పళ్ళు ఊడిన పాప వచ్చి, రా ఎలుగూ, నా గొడుగులో చోటుంది, అంటుంది కదా. అది నేనే."

ఆయన వేళాకోళం చెయ్యలేదు. పేజీ వెనక్కి తిప్పాడు, వేలు పెట్టి ఒక్కొక్క మాటా వెతికాడు, ముందు పేజీ చూశాడు, అట్ట కూడా చూశాడు. "ఇందులో ఎక్కడా లేదే తల్లీ" అన్నాడు నిజాయితీగా. పిల్లలు గొల్లుమన్నారు. ఆయన దిక్కుతోచక నావైపు చూశాడు.

నేనేం చేశానో తెలుసా? నేను లైబ్రేరియన్ని కదా. "పుస్తకంలో ఉన్నదే చదవాలి పిచ్చుకా, లేనిది ఉందనకూడదు. కూర్చో" అన్నాను. ఆ పిల్ల ఏడ్చినా బాగుండేది. కూర్చుని లాయరు వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపు నాకూ తగిలింది.

మరుసటి గురువారం పిచ్చుక జతగా కూర్చోనంది. "అది అబద్ధాలు చదువుతుంది" అని గోడ వైపు తిరిగింది. గంట కొట్టాక లాయరు నా బల్ల దగ్గరికి వచ్చింది. వాదించడానికి వచ్చిందనుకున్నాను.

"నేను అబద్ధం చదవలేదు మేడం. ఆ బొమ్మలో బెంచీ మీద ఒక చోటు ఖాళీగా ఉంది. అందుకని దాన్ని కూర్చోబెట్టాను."

"మరి తనకి చెప్పాల్సింది కదా, అది నువ్వు కలిపిందని?"

"చెబుదామనే అనుకున్నాను. కానీ ప్రతిసారీ ఆ పేజీ రాగానే ఎంత నవ్వేదో! అది చూసి మళ్ళీ వారం చెబుదాంలే అనుకునేదాన్ని." పుస్తకం అంచు గిల్లింది. "నేనే చెప్పి ఉంటే కోపం వచ్చినా పోయేది మేడం. అంతమందిలో ఇంకొకరి నోట వినేసింది."

తమ్ముడూ, ఆ పిల్ల వెళ్ళిపోయాక నేను లైబ్రరీ తలుపు వేసుకుని కూర్చున్నాను. అది పదేళ్ళ పిల్ల. నాలుగు నెలలు దాచింది. నేను ముప్ఫై తొమ్మిదేళ్ళు దాచాను.

నాన్న ఉత్తరాల్లో నీ బోల్టు లేదురా.

ఒక్క ఉత్తరంలోనూ లేదు. దారం విప్పి చూడు. ఇంటి పైకప్పు బాగు చేయించమనీ, అమ్మ మందులు మానకూడదనీ, నా లెక్కల మార్కులు ఎంతనీ ఉంటాయి. నీ గురించి చివర్న ఒక్క ముక్క, "చిన్నవాడు క్షేమమని తలుస్తాను." నాన్న వంతెనల పనికి వెళ్ళేనాటికి నీకు ఏడాది, మళ్ళీ ఇంటికి రానేలేదు. ఆయన నీకు తెలియదు, నువ్వూ ఆయనకి తెలియవు. తెలియని మనిషికి ఏం రాస్తాడు? వెల్డింగు చెయ్యమంటే పొద్దస్తమానం చేస్తాడుగాని, నాలుగు తీపి మాటలు రాయమంటే కలం పడేసి పారిపోయే మనిషి.

ఉత్తరం రాగానే అమ్మ ముందు చదువుకునేది. తరువాత నేను నీకు పైకి చదివి వినిపించాలి. నువ్వు నా పక్కన గొంతుక్కూర్చుని, "నా గురించి ఏం రాశాడు?" అనేవాడివి. నువ్వు అలా అడిగిన మొదటిసారి ఉన్నదే చదివాను. "అంతేనా?" అన్నావు. నీ మొహం చూడలేకపోయాను. ఆ తరువాతి ఉత్తరం నుంచి కలపడం మొదలుపెట్టాను. నాన్న బూట్లలో నువ్వు నడుము దాకా మునిగిపోతావని, నాన్న వెల్డింగు వెలుగులో నీ మొహం కనిపించిందని, ఇలా ఏవేవో. వంటింట్లో అమ్మ వింటూనే ఉండేది. ఏమీ అనేది కాదు. ఒకసారి మాత్రం, "ఈసారి వాడికి తక్కువ చదివావేం?" అంది. బోల్టు సంగతి ఎనిమిదో ఉత్తరంలో పుట్టింది. వంతెన మీద లక్ష బోల్టులుంటే అందులో ఒకటి నీదనీ, నువ్వు పెద్దయ్యేదాకా నాన్న దానికి కాపలా ఉంటాడనీ చదివాను. నువ్వు ఆ రోజు అన్నం తినకుండా ఇల్లంతా గెంతావు.

నీకు ఇంతవరకే చెప్పి ముగిస్తే నా తప్పు చిన్నదిగా కనిపిస్తుంది. ఇంకొకటి ఉంది.

నాన్నకి జవాబు నువ్వు చెబుతుంటే నేను రాసేదాన్ని. బోల్టు ఊసు వస్తే రాసినట్టు నటించి ఊరుకునేదాన్ని. కానీ ఆరో ఏట నీకు రాయడం వచ్చేసింది. ఒకరోజు నేను చూడకుండా ఉత్తరం అడుగున నువ్వే వంకర అక్షరాలతో రాసేశావు, నా బోల్టు వానకి తడుస్తోందా నాన్నా అని. నేను చూసేసరికి అమ్మ కవరు అంటించేసింది. నాన్న ఏమంటాడో, అందరి ముందూ నా దొంగతనం ఎలా బయటపడుతుందోనని రోజులు లెక్కపెట్టాను.

ఉత్తరం కంటే ముందు కబురు వచ్చింది. క్రేను తాడు తెగి నాన్న పోయాడని. రెండు రోజుల తరువాత, ఇంటినిండా జనం ఉండగా, ఉత్తరం వచ్చింది. కవరు మీద నా పేరు ఉంది. ఆయన నా ఒక్కదానికే రాసింది అదొక్కటే. పెరట్లోకి వెళ్ళి చదివాను. చదివి, నా లెక్కల పుస్తకం అట్ట లోపల పెట్టి అతికించేశాను. అమ్మకి చూపించలేదు, నీకు చదవలేదు. ఎందుకో అందులోనే ఉంది. క్రేనుకీ దానికీ ఏ సంబంధమూ లేదని పెద్దయ్యాక తెలుసుకున్నాను. నాన్న వంతెన స్తంభాలు రోజూ ఎక్కేవాడే, ఆయన పోయింది ఆ ఉత్తరం రాసిన నాలుగు రోజుల తరువాత, అదీ నేల మీద నిలబడి ఉండగా. కానీ పదకొండేళ్ళ పిల్లకి అదంతా తెలియదు కదా. నా అబద్ధం కోసమే ఆయన పైకెక్కాడని, అందుకే పోయాడని నమ్మాను. నమ్మిన ఆ పిల్ల నాలో ఇంకా పూర్తిగా పోలేదు.

ఆ ఇరవయ్యో ఉత్తరం వేరే కవరులో పెట్టాను. దాన్ని విప్పేముందు ఒకసారి నా చేత చదివించుకో. ఈసారి ఉన్నది ఉన్నట్టు చదువుతాను.

"పెద్దమ్మాయికి,

చిన్నవాడు తన బోల్టు వానకి తడుస్తోందా అని అడిగాడు. ఏ బోల్టో నాకు అర్థం కాలేదు. రెండు రోజులు ఆలోచించాక నువ్వు ఏం చేస్తున్నావో తెలిసింది. నేను రాయవలసినవి నువ్వు చదువుతున్నావు. నాకు కోపం లేదు. నాకు అటువంటివి రాయడం చేతకాదు. ఇవాళ పని అయ్యాక నాలుగో స్తంభం ఎక్కి ఒకటి చూసి వాడిదని పెట్టాను. నీళ్ళు వచ్చే వైపు, నిచ్చెన పక్కన, కింది నుంచి మూడోది. పైన రేకు ఉంది కనుక తడవదు. వాడికి ఆ మాట చెప్పు. ఇప్పటిదాకా నేను ఇంకా ఏమేమి అన్నానో ఒక కాగితం మీద రాసి పంపు. ఇంటికి వచ్చినప్పుడు తప్పు చెప్పకుండా ఉంటాను."

ఏ వంతెనో కాగితం పైన ఆయనే రాశాడు. పాపని తీసుకుని వెళ్ళు. నేనూ రావాలని ఉంది, నువ్వు రమ్మంటేనే. రమ్మనకపోతే ఎందుకని అడగను.

ఇట్లు,
నీ అక్క